తెల్ల సూటు మనిషి, మా మరిది తెచ్చిన కబురు

కార్తీక మాసంలో ఒక ఆదివారం సాయంత్రం మా మరిది ఇంటికొచ్చాడు. సొంత మరిది కాదు, మా ఆయనకు పెదనాన్న కొడుకు. వెంట ఇంకో ఇద్దరు. ముగ్గురూ తెల్ల చొక్కాలే. కూర్చుంటూనే విషయంలోకి దిగాడు.

"వదినా, ఈసారి కార్పొరేషన్ ఎన్నికల్లో మన డివిజను ఆడోళ్లకు వస్తాదంటాండారు. నువ్వు నిలబడాల."

కాఫీ గ్లాసులు చేతిలో పట్టుకుని అట్లే ఉండిపోయా. నాకు రాజకీయాలు ఏం తెలుసు నాయనా అన్నా.

"నీకేం తెలియాల్సిన పన్లేదు వదినా. మైకు పట్టుకుని రెండు మాటలు చెప్తే చాలు. ఈ కడపలో నీ గొంతు తెలీని ఇల్లు యాడుంది? ప్రచారం ఖర్చు సగం మిగిలినట్టే."

వాళ్లు వెళ్లిపోయాక గ్లాసులు కడుగుతూ ఆ చివరి మాట గురించే ఆలోచించా. ఖర్చు సగం మిగలడం. పందొమ్మిదేళ్లుగా నేను దాచుకుంటూ వచ్చిందేదో ఉందని, దానికి ఒక ధర ఉందని ఎవరో వచ్చి చెప్పేదాకా నాకే తెలియలేదు.

నేను పగలు ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతా. నెలలో ఆరు రోజులు ఆకాశవాణి కడప కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్‌ని. ఈ కేంద్రం 1963లో మొదలైంది. నా చిన్నప్పుడు మా అమ్మ రాగి సంకటి కెలుకుతూ, సంకటి కట్టె ఆపకుండానే, "333.3 మీటర్లు అనగా 900 కిలోహెర్ట్జ్‌పై" అని రేడియోతో పాటు తనూ అనేది. మీటర్లంటే ఏందో, కిలోహెర్ట్జ్ అంటే ఏందో ఆమెకు తెలియదు. ఆ గొంతు తెలుసు, అంతే. ఢిల్లీ నుంచి వార్తలు చదివే అద్దంకి మన్నార్ గారి గొంతు వస్తే మా నాయన ఇంట్లో అందరినీ గమ్మునుండమనేవాడు. ఆ మనిషి ఎట్లుంటాడో మాలో ఎవరమూ చూడలేదు. ఆయన ఏ పార్టీకి ఓటేస్తాడో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్తా. మైకు ముందు కష్టమైన పని కవిత్వం చదవడం కాదు, నాటకంలో ఏడవడమూ కాదు. ధరవరలు చదవడం. పసుపు కొమ్ములు కనిష్ఠ ధర ఇంత, గరిష్ఠ ధర ఇంత. ఉల్లి ఇంత. వేరుశనగ ఇంత. ఏది ఎప్పుడు చదవాలో రాసుండే క్యూ షీటు మీద వేలు పెట్టి, ఒక్కో అంకె దగ్గర ఆగి, రెండో అంకెకు పోవాలి. మైకు తెరిచే మీట, ఫేడర్, పైకి లేపే ముందు కాగితం రెండుసార్లు చూసుకుంటా. ఎందుకంటే ఒకరోజు డ్యూటీ రూముకు ఒక రైతు ఫోన్ చేశాడు, మైదుకూరు వైపు మనిషి. "అమ్మా, పొద్దున నువ్వు చెప్పిన రేటు నిజమే గదా? ఈడ సేటు తక్కువ చెప్తాండాడు. రేడియోలో ఆయమ్మ చెప్పింది, నీ మాట నేను నమ్మను అని వచ్చినా" అన్నాడు. కాగితం తీసి మళ్లీ చదివి వినిపించా. "అదీ" అని పెట్టేశాడు. పేరు చెప్పలేదు, థాంక్స్ చెప్పలేదు. నాకు మాత్రం చాలాసేపు చేతులు చల్లగా ఉన్నాయి. నా నోట్లోంచి వచ్చిన అంకెను పట్టుకుని ఒక మనిషి ఇంకో మనిషి ఎదుట నిలబడ్డాడు.

మా మరిది సగం ఖర్చు కింద లెక్క కట్టింది దీన్నే.

ఆ రాత్రి బెంగళూరులో ఉన్న మా పెద్దోడికి ఫోన్ చేసి చెప్పా. వాడు నవ్వకుండా విన్నాడు. "అమ్మా, మార్టిన్ బెల్ అని బీబీసీ ఆయన ఒకడున్నాడు. ఆయన గురించి చదివినాక నిర్ణయం తీసుకో" అన్నాడు. అప్పటిదాకా ఆ పేరు నేను విన్న గుర్తు లేదు. తర్వాత పది రోజులు, పేపర్లు దిద్దడం కూడా పక్కన పెట్టి, ఆయన గురించే చదివా, పాత వీడియోలు చూశా.

1938లో ఇంగ్లండులోని సఫోక్ అనే వ్యవసాయ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి ఏడ్రియన్ బెల్ సేద్యం చేస్తూ పల్లె బతుకు మీద పుస్తకాలు రాసినవాడు. లండన్ టైమ్స్ పత్రికకు 1930లో మొట్టమొదటి పదకేళి, అంటే క్రాస్‌వర్డ్, కూర్చింది ఆయనే. అక్క ఆంథియా ఆస్టెరిక్స్ అనే ఫ్రెంచ్ బొమ్మల కథల్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన అనువాదకురాలు. మాటను తూకం వేసి వాడే ఇల్లన్నమాట. ఈయన కేంబ్రిడ్జిలో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, 1962లో నార్విచ్ ఊళ్లో బీబీసీ ప్రాంతీయ వార్తల్లో చేరాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా యుద్ధాలే. వియత్నాం, నైజీరియా, అంగోలా, పశ్చిమాసియా, ఉత్తర ఐర్లాండ్, గల్ఫ్, చివరికి బోస్నియా. మధ్యలో 1978 నుంచి పదేళ్లకు పైగా వాషింగ్టన్‌లో ఉన్నాడు.

1992 ఆగస్టులో బోస్నియా రాజధాని సారాయెవోలో కెమెరా ఎదుట నిలబడి మాట్లాడుతుండగా మోర్టార్ గుండు తునకలు తగిలి పడిపోయాడు. ఆ వీడియో చూశా. ఒంటి మీద తెల్ల సూటు. తుపాకుల మధ్య తెల్ల బట్టలేంటని నాకూ అనిపించింది. యుగోస్లావియా యుద్ధం మొదట్లో ఆ బట్టల్లో ప్రాణాలతో బయటపడ్డాడట, అది కలిసొచ్చిందని ఇక మార్చలేదు. మన దగ్గర కొత్త లారీకి నిమ్మకాయ కట్టినట్టే. కింద పడి కూడా తనకేం కాలేదనే చెప్తాడు. గొంతు మామూలు కంటే కొంచెం పైకి లేస్తుంది, అంతే. మైకు ముందు పని చేసేవాళ్లకు ఆ కొంచెం చాలు, ఎంత నొప్పిగా ఉందో తెలియడానికి.

బోస్నియా ఆయన్ని మార్చేసింది. అంతకుముందు బీబీసీ పద్ధతి ప్రకారం దూరంగా నిలబడి ఇటు ఇంత, అటు ఇంత అని చెప్పేవాడు. ఊళ్లు తగలబడుతుంటే, జనాన్ని ఇళ్లలోంచి తరుముతుంటే, తప్పొప్పుల మధ్య సరిగ్గా నడిమిన నిలబడటం నిజాయితీ కాదని ఆయనకు అనిపించింది. తెలుసుకోవడంతో పాటు పట్టించుకోవడం కూడా విలేకరి పనేనని వాదించాడు. తోటివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. ఈ రోజుకీ ఒప్పుకోనివాళ్లు ఉన్నారు.

ఇక 1997. బ్రిటన్‌లో అప్పుడు ఒక కుంభకోణం నడుస్తోంది. పార్లమెంటులో ప్రశ్నలు అడగడానికి ఒక పెద్ద వ్యాపారి దగ్గర కొందరు ఎంపీలు డబ్బు తీసుకున్నారని 1994లో గార్డియన్ పత్రిక రాసింది. అందులో పేరొచ్చిన నీల్ హామిల్టన్ అదంతా అబద్ధమన్నాడు. ఆయనది చెషైర్‌లోని టాటన్ నియోజకవర్గం, కన్సర్వేటివ్ పార్టీకి కంచుకోట. 1992లో దాదాపు పదహారు వేల మెజారిటీతో గెలిచిన సీటు. పార్టీ మళ్లీ ఆయన్నే నిలబెట్టింది. అప్పుడు లేబర్, లిబరల్ డెమోక్రాట్ పార్టీలు రెండూ తమ అభ్యర్థుల్ని వెనక్కి తీసుకుని, అందరికీ నమ్మకమున్న ఒక స్వతంత్ర అభ్యర్థికి దారి ఇచ్చాయి. ఆ మనిషి మార్టిన్ బెల్. ఏప్రిల్‌లో ఒప్పుకున్నాడు, మే 1న పోలింగు. నెల కూడా లేదు.

ఈ ప్రచారంలో నన్ను కదిలించిన ఘట్టం నట్స్‌ఫర్డ్ హీత్ అనే మైదానంలో జరిగింది. బెల్ విలేకరులతో మాట్లాడుతుంటే హామిల్టన్ భార్య క్రిస్టీన్ నేరుగా ఆయన ఎదుటికి వచ్చి నిలదీసింది. నేరం రుజువయ్యేదాకా నా భర్త నిర్దోషి అని ఒప్పుకుంటారా లేదా అని. బాంబుల కింద నిలబడి మాట్లాడిన మనిషి అక్కడ తడబడ్డాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? అది న్యాయమైన ప్రశ్నే. ఆ వీడియో మూడుసార్లు చూశా. ముప్పై ఏళ్లుగా అడిగేవాడిగా ఉన్న మనిషి మొదటిసారి చెప్పేవాడి వైపు నిలబడ్డాడు. ఆ మొహం చూశాక, మైకు పట్టుకుని రెండు మాటలు చెప్తే చాలన్న మా మరిది మాట ఎంత తప్పో అర్థమైంది. స్టూడియోలో గాజు అద్దం అవతల ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. వీధిలో ప్రతి గడపా ఒక క్రిస్టీనే.

అయినా జనం గెలిపించారు. 29,354 ఓట్లు, 11,077 మెజారిటీ. ఏ పార్టీ గుర్తూ లేకుండా ఒక మనిషి బ్రిటన్ పార్లమెంటుకు గెలిచి వెళ్లడం దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత అదే. మన దగ్గరా ఒకప్పుడు ఇది ఇంత అపురూపం కాదు. 1957 ఎన్నికల్లో లోక్‌సభకు నలభై రెండు మంది స్వతంత్రులు గెలిచారు. 2024లో 543 మందిలో ఏడుగురు.

గెలవడం వరకైతే నేను ఇది రాసేదాన్ని కాదు. గెలిచాక చేసింది ముఖ్యం.

ఆరు నెలలు తిరిగాయి. అదే ఏడాది నవంబరు. లేబర్ పార్టీ అధికారంలో ఉంది, టోనీ బ్లెయిర్ ప్రధాని. పొగాకు ప్రకటనల్ని నిషేధిస్తామన్న ప్రభుత్వం ఫార్ములా వన్ కారు పందేలకు మాత్రం మినహాయింపు ఇవ్వబోయింది. ఆ పందేల అధిపతి బెర్నీ ఎకిల్‌స్టోన్ అంతకుముందే లేబర్ పార్టీకి పది లక్షల పౌండ్ల విరాళం ఇచ్చాడని బయటపడింది. తర్వాత పార్టీ ఆ డబ్బు తిరిగిచ్చేసింది. సభలో ప్రధానిని ప్రశ్నలడిగే సమయంలో బెల్ లేచాడు. తప్పు జరిగిందన్న అనుమానం కూడా తప్పంత చేటే కదా అని అడిగాడు. ఒక డ్రాగన్‌ను చంపామనుకుంటే, నోట్లో ఎర్ర గులాబీ పెట్టుకుని ఇంకొకటి వచ్చిందా అని అడిగాడు. ఎర్ర గులాబీ లేబర్ పార్టీ గుర్తు. తనకోసం అభ్యర్థిని తప్పించిన పార్టీ అది. వాళ్లు పక్కకు జరగకపోతే ఈయన ఆ సభలో అడుగే పెట్టేవాడు కాదు.

ఏరు దాటాక తెప్ప తగలేశాడని ఆ పార్టీ వాళ్లు అనుకొని ఉండొచ్చు. నాకు అట్లా అనిపించలేదు. ప్రశ్నల్ని అమ్ముకున్నారన్న కోపంతో జనం ఈయన్ని పంపించారు. ప్రశ్న అడగడానికే వెళ్లాడు, ఎవరిని అడగాల్సి వస్తే వాళ్లను అడిగాడు. ప్రచారం రోజుల్లో తన లాయర్ ఖర్చులు తనకోసం తప్పుకున్న ఆ రెండు పార్టీలు కట్టాయని తర్వాత తెలిస్తే, ఆ డబ్బు తన జేబులోంచి వాళ్లకు తిరిగి కట్టేశాడట. నాకు సభలో అడిగిన ప్రశ్న కంటే ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

టాటన్ వాళ్లకు ఒక్కసారే నిలబడతానని మాటిచ్చాడు. 2001లో ఆ మాట మీదే ఉండి సీటు వదిలేశాడు. అక్కడ జార్జ్ ఆస్బర్న్ గెలిచాడు, తర్వాత ఆర్థిక మంత్రి అయ్యాడు. బెల్ వేరేచోట, బ్రెంట్‌వుడ్ అండ్ ఓంగార్‌లో నిలబడి మూడు వేల లోపు తేడాతో ఓడిపోయాడు. ఆ తర్వాత యునిసెఫ్ రాయబారిగా మళ్లీ యుద్ధం నడిచే దేశాలకే పోయాడు, ఈసారి పిల్లల కోసం.

ఇంకో దారి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో మాక్సిన్ మెక్యూ అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీలో దశాబ్దాల పాటు వార్తా కార్యక్రమాలు నడిపింది. 2007లో అక్కడి లేబర్ పార్టీ తరఫున బెన్నెలాంగ్ నియోజకవర్గంలో నిలబడి, ముప్పై మూడేళ్లుగా ఆ సీటులో ఉన్న ప్రధాని జాన్ హోవార్డ్‌నే ఓడించింది. పదవిలో ఉండగా సొంత సీటు పోగొట్టుకున్న ప్రధాని ఆ దేశ చరిత్రలో అంతకుముందు ఒక్కడే ఉన్నాడు, 1929లో. 2010లో ఆమె ఓడింది. ఓడించిన జాన్ అలెగ్జాండర్ టెన్నిస్ ఆటగాడు, టీవీలో టెన్నిస్ వ్యాఖ్యానం చెప్పినవాడు. గొంతుకు గొంతే పోటీ అయింది. మన దేశంలోనూ జాన్ బ్రిట్టాస్, సాగరికా ఘోష్ లాంటి టీవీ వాళ్లు ఎంపీలయ్యారు. వాళ్లు వెళ్లింది రాజ్యసభకు. అది తక్కువని నేను అనను. కానీ గడప గడపకూ పోయి, ఎదురు ప్రశ్న తిని, ఓటు తెచ్చుకుని వెళ్లడం వేరు. కడప లోక్‌సభ స్థానంలో పదహారు లక్షల పైచిలుకు ఓటర్లున్నారు. టాటన్‌లో అరవై వేల చిల్లర. తెల్ల సూటు వేసుకుని నెల రోజుల్లో మన నియోజకవర్గం చుట్టి రావడం ఎవరి తరమూ కాదు. ఒక కార్పొరేషన్ డివిజను మాత్రం నడిచి తిరగొచ్చు. ఈ లెక్క వేసుకున్నానంటే నాకూ మనసులో ఆశ ఉన్నట్టే. దాచడం ఎందుకు?

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. వారం తర్వాత మా కాలేజీ పిల్లలతో కలిసి దుప్పట్లు, బియ్యం తీసుకుని పులపుత్తూరు పోయాం. ఇసుక మేటల్లో సగం పూడిన ఇళ్లు. ఒకామె తన ఇంటి గోడ ఉన్నచోట కూర్చుని, చిన్న రేడియో ఒళ్లో పెట్టుకుని, చీర కొంగుతో దాని జాలీలోంచి బురద తీస్తాంది. అగ్గిపుల్లతో ఒక్కో కన్నమూ పొడుస్తాంది. బ్యాటరీ పెట్టే మూత లేదు. లోపల స్ప్రింగులకు కూడా ఒండ్రు పట్టింది. ఇక అది మోగదని చూసేవాళ్లందరికీ తెలుసు. దుప్పటి ఇచ్చి, పేరేందమ్మా అని అడిగా. తలెత్తి నా మొహం చూడలేదు. గొంతు విని ఆగిపోయింది.

"నువ్వు రేడియో అమ్మివి గదా" అంది. తర్వాత అంది, "మా ఊరి సంగతి నువ్వు చెప్పల్ల. నువ్వు చెప్తే ఇంటారు."

ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నా. ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు. అనౌన్సర్ రాసిచ్చింది చదువుతుంది, ఊరి సంగతి తనంతట తను చెప్పదు. అది తప్పని నేను అనడం లేదు. ఆ నియమం ఉండబట్టే మైదుకూరు రైతు నా అంకెను నమ్మాడు. కానీ ఆ అగ్గిపుల్ల నా కళ్లముందు నుంచి పోలేదు. బెల్ బోస్నియా తర్వాత రాసింది చదువుతుంటే పేజీ పేజీకీ ఆమే గుర్తొచ్చింది. వినేవాళ్లుంటే చాలదు, ఎక్కడో ఒకచోట ఆమె మాట ప్రశ్నగా లేవాలి. ఏ మండల సమావేశంలోనో, కార్పొరేషన్‌లోనో, పార్లమెంటులోనో. నాలాంటి గొంతున్నవాళ్లు అక్కడికి పోవడం తప్పని ఇక నేను అనుకోను.

అందుకే మా మరిదికి కబురు పంపా. శనివారం పొద్దున వచ్చాడు. కారం దోశలు వేసి పెట్టా. తింటున్నప్పుడే కాగితం ముందు పెట్టా. నాలుగు లైన్లే. ఒకటి, నామినేషన్ వేసే రోజు నుంచి నేను మైకు ముందు కూర్చోను, రేడియో పేరు ప్రచారంలో ఎక్కడా వాడకూడదు. రెండు, ఒక్కసారే నిలబడతా. మూడు, నా పేరు మీద పెట్టే ప్రతి రూపాయి నాకు తెలియాలి. నాలుగు, ఊళ్లోంచి పారే బుగ్గవంక పక్క వీధుల్లో మురికినీళ్ల గురించి నేను కౌన్సిల్లో లేచి అడిగితే, మేయర్ మన పార్టీ మనిషైనా సరే, నన్ను కూర్చోమనకూడదు.

మొదటిది చదివి, "రేడియో పేరు లేకపోతే ఎట్లా వదినా, అదే గదా మనకుండేది" అన్నాడు. మూడోది చదివి ఏమీ అనలేదు. నాలుగోది మాత్రం రెండుసార్లు చదివాడు. దోశ ముక్క చేతిలో అట్లే ఉండిపోయింది.

"పార్టీ లైను అని ఒకటి ఉంటాది గదా వదినా."

"ఉంటుంది నాయనా. అందుకే ముందే అడుగుతున్నా. గెలిచినాక అడిగితే మోసం చేసినట్టు అవుతుంది."

"నాకైతే తప్పేం కనబల్లా. మా లీడరు అన్నను అడిగి చెప్తా" అన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి తెల్ల చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మా మరిది చెడ్డవాడు కాదు. కరోనా అప్పుడు మా వీధిలో ఆక్సిజన్ సిలిండర్లు భుజాన మోసిన మనిషి. పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి, "వదినా, నిజంగానే నిలబడతావా?" అని అడిగాడు.

"ఆ కాగితానికి ఒప్పుకుంటే నిలబడతా" అన్నా. ఆ మాట ధరవరలు చదివినట్టే, ఒక్కో అక్షరం దగ్గర ఆగి చెప్పా.

సంక్రాంతికి మా వీధి ముగ్గుల పోటీలో మళ్లీ కనబడ్డాడు. ముగ్గులకు మార్కులు వేయడానికి నన్ను పిలిచారు. దూరం నుంచే చెయ్యెత్తి, దగ్గరకొచ్చి, "మొన్న పొద్దున నీ గొంతు విన్నా వదినా. పసుపు రేటు బాగుండాది" అన్నాడు. కాగితం సంగతి తను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మంగళవారం నాకు తెల్లవారుజాము డ్యూటీ ఉంది.